పాతర దీపం

“ఇంతకంటే ఏం కావాలండీ మీకు?” అంటూ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సూర్యప్రకాశరావు మిల్లు ఆఫీసు బల్ల మీద ఒక అగ్గిపెట్టెను ఠపీమని పెట్టాడు. “పెట్టె ఈ కుర్రాడిది. సోమవారం పొద్దున ట్యాంకు పేలినప్పుడు మిగతా విద్యార్థులంతా గేటు దగ్గర ఉన్నారు, వీడొక్కడే లేడు. చచ్చిపోయినవాడికీ వీడికీ కాలేజీలో పోటీ. ఇక కలుపుకుని చూసుకోండి.”

డిటెక్టివ్ ఓబులేసు కలుపుకుని చూసుకోలేదు. అగ్గిపెట్టెను చెవి దగ్గర ఆడించి, నిండుగా ఉందని తేల్చుకుని, ఎక్కడిదక్కడ పెట్టేశాడు. ఆయన డిటెక్టివ్ అన్న సంగతి జమ్మలమడుగులో సగం మంది ఇప్పటికీ ఒప్పుకోరు. మద్రాసులో వేలిముద్రల ఆఫీసులో పనిచేసి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు సొంతూరికి చేరిన మనిషి. పోయిన ఎద్దులనీ, పారిపోయిన అల్లుళ్లనీ వెతికిపెట్టి కాలక్షేపం చేస్తున్నవాడు. ప్రొద్దుటూరు దాకా వచ్చి చావు కేసులో తల దూర్చడం ఆయన కోరుకున్నది కాదు. ఫకీర్ సాహెబ్ తెచ్చి నెత్తిన పెట్టాడు.

నిన్న పొద్దున పెద్దముడియం బస్సు దిగి, జొన్నల మూట మోసుకుంటూ వచ్చి ఆ ముసలాయన గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

“నా కొడుకు ఇస్మాయిల్, అప్పా. యూనివర్సిటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదువుతాండె. సెలవుల్లో తోటి పిల్లోళ్లను ఎంటబెట్టుకోని ప్రొద్దుటూరు నూనె మిల్లులో పని నేర్చుకునేదానికి వచ్చె. వాళ్లందరికీ వాడే లీడరు. ఆడ ట్యాంకు పేలి కాలిపాయ. పోలీసోళ్లు ఎవరో కావాలని చంపినారంటాండారు. నా కాడ దుడ్లు లేవు. ఇవి పాతర జొన్నలు. నా బిడ్డను చంపినోన్ని నాకు చూపించు, అంతే సాలు.”

పాతర అంటే నల్లరేగడి పల్లెల్లో జొన్నలు దాచుకునే నేలగొయ్యి. ఫకీర్ సాహెబ్ పాతర్లు తీసి బతికే మనిషి. మూసి ఉంచిన పాతరలో చెడుగాలి నిండి ఉంటుంది. మూత తీయగానే తొందరపడి దిగినవాడు శవమై పైకి వస్తాడు. అందుకే ముందు తాడు కట్టి దీపం దించుతారు. దీపం ఆరిందా, ఆగాలి. మండిందా, దిగాలి.

“నా చేతి కింద ఇంతవరకు ఒక్క మనిషి పోలేదప్పా,” అన్నాడు ముసలాయన, కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి. “ఊరోళ్ల బిడ్డలందరినీ కాపాడితి. నా బిడ్డ కాడ మాత్రం నేను లేకపోతి.”

వద్దన్నా వినకుండా మూట గడప మీదే వదిలి వెళ్లిపోయాడు. రాత్రంతా ఓబులేసు ఇల్లు పాతర జొన్నల ముక్క వాసన కొట్టింది. నిద్ర పట్టలేదు.

ఆ వాసన ముక్కులో ఉండగానే ఇప్పుడు బెంచీ మీది కుర్రాడి వైపు తిరిగాడు. పేరు రామకృష్ణ. వీరపునాయునిపల్లె బడిపంతులు కొడుకు. పక్కన కానిస్టేబులు బేడీలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, పెళ్లివారింట తాంబూలం పళ్లెం పట్టుకున్నంత జాగ్రత్తగా.

“ఆ పొద్దు నీ అగ్గిపెట్టె యాడ పెట్టినావు నాయనా?”

“గేటు కాడ రేకు డబ్బాలో, సార్. అందరివీ దాంట్లోనే. మా పిల్లోళ్లవి, కూలోళ్లవి, ఆఖరికి మేనేజరుది కూడా. ఇస్మాయిల్ పెట్టిన రూలు అది. సాల్వెంటు ఉండే కాడికి అగ్గి రాకూడదని.”

ఈ మిల్లులో చెనక్కాయలు పిండగా వచ్చిన చెక్కలో మిగిలిపోయిన నూనెను సాల్వెంటు పోసి లాగుతారు. సాల్వెంటు అంటే పెట్రోలుకు తోబుట్టువు. ట్యాంకు ఖాళీ చేసినా దాని ఆవిరి అడుగున పేరుకుని ఉంటుంది. నీటి ఆవిరి పట్టించి దాన్ని పూర్తిగా వెళ్లగొట్టిన తర్వాతే మనిషి లోపలికి దిగి కడగాలి. ఆ కడిగే పని సోమవారం సాయంత్రానికి పెట్టుకున్నారు. ట్యాంకు పదకొండున్నరకే పేలింది.

ఓబులేసు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. “ఈ పెట్టె మీకు యాడ దొరికింది సార్?”

“గేటు దగ్గర ఏదో డబ్బాలో.”

“దాంట్లో ఇంకేముండాయి?”

“కూలివాళ్ల బీడీ కట్టలూ, ఇంకో నాలుగు అగ్గిపెట్టెలూ. ఆ చెత్తంతా నాకెందుకు?”

“పిల్లోడి అగ్గిపెట్టె గేటు కాడ డబ్బాలో కూచోని ఉంటే, ట్యాంకును దేంతో అంటిచ్చినాడు సార్?”

సూర్యప్రకాశరావు మొహం ఎర్రబడింది. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ఆయనకు ఈ సీమ ఎండ ఒకటీ, ఈ సీమ మాట ఒకటీ ఇంకా పడలేదు. “వీడు ఆ సమయంలో బాయిలరు దగ్గర ఉన్నాడండీ. అక్కడ నిప్పుకేం కరువు? మీరు కోళ్ల దొంగల్ని పట్టుకున్నంత తేలికనుకున్నారేమో.”

“ఆవిరి చాల్లేదని చెప్పేదానికి పోయినా సార్,” అన్నాడు రామకృష్ణ. “ఇస్మాయిలే పంపించినాడు.”

“నువ్వు లీడరు కావాలని ఎలక్షన్లో నిలబడి ఓడిపోయినావంట. నిజమేనా?” అని అడిగాడు ఓబులేసు.

“నిజమే. నేను ఇంగ్లీషులో అర్ధగంట మాట్లాడినా, సార్. వాడు లేచి నాలుగు మాటలు చెప్పినాడు. ‘మా అబ్బా పాతర్లు తీస్తాడు. అందరికన్నా ముందు తాను దిగుతాడు, అందరూ ఎక్కినాక తాను ఎక్కుతాడు. నాకు తెలిసిన లీడరు ఆయనొక్కడే’ అన్నాడు. హాలంతా గమ్మునైపోయింది.” కుర్రాడు తల వంచుకున్నాడు. “నేను కూడా వానికే ఓటేసినా. ఎవరికీ చెప్పలేదు.”

ఓబులేసు కూజా అందుకున్నాడు. మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు.

“కాలిన మనిషిని ఆసుపత్రికి చేతుల మీద ఎత్తుకోని పోయింది నువ్వే కదా. దావలో ఏమన్నా చెప్పినాడా?”

రామకృష్ణ కిటికీ వైపు చూశాడు. “ఏమీ చెప్పలేదు సార్.”

“ట్యాంకు ఎట్ల పేలిందో నీకు తెలుసు.”

“తెల్దు సార్.”

“నోరు తెరవకపోతే మెడకు ఉరి బిగిసే కేసు ఇది. మీ నాయనకు నువ్వొక్కడివే కొడుకంట.”

“బిగిస్తే బిగియనీండి,” అన్నాడా కుర్రాడు.

“చూశారా పొగరు?” అన్నాడు సూర్యప్రకాశరావు. “రెండు గంటల బస్సుకి కడప తీసుకెళ్లి కోర్టులో పెడుతున్నాను. ఈలోగా మీరు చేసే పరిశోధనేదో చేసుకోండి.”

ఓబులేసు చాలామంది అబద్ధాలు విన్నాడు. తనను కాపాడుకోవడానికి చెప్పే అబద్ధం నూనె రాసిన చేపలా జారుతుంది. ఇది అలాంటిది కాదు. ఈ కుర్రాడు ఎవరినో వెనక పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఎవరిని?

బ్యాటరీ లైటు తీసుకుని ట్యాంకు దగ్గరికి నడిచాడు. అప్పటికి పన్నెండయింది. పేలిన తర్వాత ట్యాంకు నిండా నీళ్లు కొట్టి, తోడేసి, గాలి పట్టించి ఉంచారు. పోలీసులు పైనుంచి తొంగి చూశారు గాని ఒక్కడూ లోపలికి దిగలేదు. ఎవరి ప్రాణం వారికి తీపి. ఓబులేసుకూ తీపే గాని, పాతర జొన్నల మూట ఇంట్లో పెట్టుకుని దిగకుండా ఉండలేకపోయాడు. ఇనుప నిచ్చెన ఎక్కి, పైన మనిషి పట్టేంత గుండ్రటి మూతి గుండా లోపలికి కాళ్లు జారవిడిచాడు.

అడుగున తడి చెక్కపిండి బురదలా ఉంది. లైటు వెలుతురులో చేత్తో తడుముతూ పోయాడు. ముందు ఒక తాడు ముక్క దొరికింది. జనపనార తాడు. ఏదో కట్టిన ముడి ఉన్న కొస బొగ్గయింది, రెండో కొస చెక్కుచెదరలేదు. పైనుంచి నిప్పు పడి ఉంటే పై కొస కాలాలి. ఇక్కడ కాలింది కింది కొస. అంటే నిప్పును ఎవరూ విసరలేదు, గీయలేదు. తాడు కట్టి మెల్లగా, జాగ్రత్తగా దించారు.

ఓబులేసు చెయ్యి బురదలో ఆగిపోయింది. ఇంకా ఏం దొరకబోతుందో ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. దొరకకపోతే బాగుండునని జమ్మలమడుగు నారాపురస్వామికి మొక్కుకున్నాడు కూడా. కాని దొరికింది. అరచేతిలో పట్టేంత ఇనుప ప్రమిద, దానికి మూడు గొలుసులు, గొలుసులు కలిసేచోట ఒక కొక్కెం. మూడింటిలో ఒక గొలుసు ఎప్పుడో తెగితే రాగితీగతో అతికారు.

కర్నూలు నుంచి కడప దాకా ఏ నూనె మిల్లులోనూ ఇలాంటి దీపం ఉండదు. ఇది పాతర దీపం. ఓబులేసు చిన్నప్పుడు వాళ్ల తాత పాతర తీసే రోజు ఇలాంటి దీపం చుట్టూ పిల్లలంతా మూగి, మండుతుందా ఆరుతుందా అని పందేలు కాసేవారు. పరిశోధనలో ఆధారం దొరికితే డిటెక్టివు సంతోషించాలి. ఓబులేసు ఆ చీకటి ట్యాంకులో దీపాన్ని ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

పైకొచ్చి దీపాన్ని కండువాలో చుట్టుకుని కూలీల కొట్టం వైపు వెళ్లాడు. అక్కడ నులకమంచం మీద జిలానీ పడుకున్నాడు. మిల్లు కూలీ, చనిపోయిన ఇస్మాయిల్‌కు మేనమామ. పేలిన అదురుకు నిచ్చెన మీదనుంచి పడి కాలు విరిగిందని పోలీసులకు చెప్పాడు, వాళ్లు సరేనన్నారు. మే నెల మిట్టమధ్యాహ్నం, కొట్టం పొయ్యిలా ఉడుకుతోంది. జిలానీ మాత్రం దుప్పటి మెడదాకా లాక్కుని ఉన్నాడు.

“చలిగా ఉండాదా జిలానీ?”

“జొరమొచ్చినట్లుండాది అప్పా.”

ఓబులేసు దుప్పటి తొలగించాడు. చేతులకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. కుడి చేతి గుడ్డ మెల్లగా విప్పాడు. అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది. ఆ బొబ్బల మధ్య అడ్డంగా, తాడు వెడల్పున, కాలని చర్మం గీతలా మిగిలింది. నిప్పు ఎగదన్నినప్పుడు ఆ చేతిలో తాడు ఉంది.

డిటెక్టివు ఇంకేమీ అడగలేదు. కండువా విప్పి దీపం మంచం మీద పెట్టాడు. జిలానీ దాన్ని చూసి, మొహం గోడవైపు తిప్పుకుని, దెబ్బతిన్న గొడ్డు మూలిగినట్టు మూలిగాడు.

“ఆదివారం పిల్లోడు ఇంటికి పోయి, రేపు ట్యాంకులోకి దిగాల అని బావతో చెప్పినాడంట. లోపల గాలి మంచిదేనా అని బావ అడిగితే, లెక్కలు కట్టినాంలే అబ్బా అని నవ్వినాడంట. బావకు మనసు ఒప్పలా. సోమవారం తెల్లారి తొలి బస్సుకు వచ్చి ఈ దీపం నా చేతిలో పెట్టి, ‘చదువుకున్నోడు, నా మాట ఇనడు. వాడు దిగేముందు వానికి తెలీకుండా నువ్వే దీపం దించి చూడు. ఆరిందంటే కాళ్లు పట్టుకోనైనా ఆపు’ అని చెప్పి, పని ఉండాదని మళ్లా బస్సెక్కె. నాతో ఖురాన్ మీద ఒట్టు పెట్టించుకున్యాడు అప్పా.”

“అగ్గి తేవద్దని పిల్లోడు అందరికీ చెప్పినాడు కదా.”

“చెప్పినాడు. బీడీ వద్దన్యాడు, అగ్గిపెట్టె వద్దన్యాడు. దీపమంటే అగ్గి అని మాకు తట్టలేదప్పా. అది మాకు పానం కాపాడే కన్ను. పుట్టినప్పటినుంచి అట్లే చూస్తిమి.” జిలానీ కాసేపు ఊపిరి తిప్పుకున్నాడు. “బాయిలరు కాడ ముట్టించుకోని, చాటుగా నిచ్చెనెక్కితి. ఆడ గేటు కాడ పిల్లోడు మనుషులను లెక్క పెట్టుకుంటాండె. నేనొక్కన్ని తక్కువైతి. నన్నెతుక్కుంటా వచ్చి చూసినాడు. మామా వద్దు, వద్దు అని అరుస్తా ఎగబాకినాడు. అంతలోనే లోపల్నుంచి మంట ఎగదన్నె, నేను తాడు వదిలితి. నన్ను రెండు చేతుల్తో కిందికి నూకినాడు. నేను కింద పడ్యా. వాడు పైన ఉండిపాయ.”

ఓబులేసు కన్నీళ్లు దాచుకోలేదు. దాచుకోవలసినంత పెద్ద డిటెక్టివు తాను కాడని ఆయనకు తెలుసు.

“మీ బావకు తెల్సా?”

“తెల్దు. దీపం దించేలోపలే పేలిందనుకుంటాండాడు. తెలిస్తే బతకడప్పా. దీపం యాడ అని అడిగితే పోయిందని చెప్తి.”

ఒంటిగంటయింది. నిజం చెప్పకపోతే రెండు గంటల బస్సులో ఒక తండ్రి కొడుకు ఉరికంబానికి పోతాడు. చెబితే ఇంకో తండ్రి, కొడుకును పూడ్చిన మట్టి ఆరకముందే, ఆ కొడుకును చంపింది తన ప్రేమేనని తెలుసుకుంటాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని ఊరికే అనరు.

“జిలానీ, ఈ దీపం నీదే అని ఇన్‌స్పెక్టరుకు చెప్పగలవా? మీ బావ మాట ఎత్తకుండా?”

“నాదే అని చెప్తా. జైల్లో పెట్టినా సరే.”

జిలానీని ఇద్దరు కూలీల భుజాల మీద నడిపించుకుని ఓబులేసు ఆఫీసుకు వచ్చాడు. కండువా మూట బల్ల మీద పెట్టి, విప్పకుండానే, జరిగింది చెప్పాడు. తాడు కాలిన కొస చూపించాడు. అరచేతిలోని గీత చూపించాడు. ఫకీర్ సాహెబ్ పేరు మాత్రం నాలుక కింద దాచుకున్నాడు.

సూర్యప్రకాశరావు మొత్తం విని పెదవి విరిచాడు. “పెట్రోలు ట్యాంకులోకి దీపం దించాడా? ఇంత తెలివితక్కువ మనిషి భూమ్మీద ఉంటాడటండీ? డబ్బున్నవాడి కొడుకును తప్పించడానికి కూలివాణ్ని ముందుకు తోస్తున్నారు.”

“బడిపంతులుకు డబ్బేంది సార్? తెలివితక్కువ కాదు ఇది. మీ పక్క నేలగొయ్యి తవ్వితే నీళ్లు పడతాయి. మా పక్క జొన్నలు దాస్తాం. దీపం చూడకుండా దిగినోడే మాకు తెలివితక్కువోడు.”

“అయితే ఈ దీపం ఇతనికెక్కడిది? మిల్లు కూలీకి పాతరలతో ఏం పని?”

ఇన్‌స్పెక్టరు తెలివైనవాడే, కాకపోతే తెలివి అప్పుడప్పుడూ వేళగాని వేళ వస్తుంది. జిలానీ నాదే అనబోయి తడబడ్డాడు. “నాదే... మా ఇంటిదే సార్.” బెంచీ మీద రామకృష్ణ లేచి నిలబడ్డాడు. వాడి మొహంలో రక్తం లేదు. “సార్, అది విప్పొద్దండి. నేనే చేసినా. నన్ను తీసుకపోండి,” అన్నాడు.

ఆ మాటతో ఓబులేసుకు చివరి ముడి కూడా విడిపోయింది. దావలో ఇస్మాయిల్ ఏం చెప్పాడో ఇక అడగనక్కరలేదు. ఆయన మూటను వెనక్కి లాక్కోబోయాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి ముందు పడింది. కండువా ఒక్క లాగుతో విడిపోయింది, దీపం బల్ల మీద దొర్లి గొలుసులు గలగలమన్నాయి.

ఆ చప్పుడుకు గుమ్మంలో ఎవరో ఆగారు. ఫకీర్ సాహెబ్. చేతిలో గుడ్డ కట్టిన సంగటి గిన్నె ఉంది. “ఈ పిల్లోడు నా బిడ్డను చేతుల మీద మోసినాడు. నా బిడ్డను వీడు చంపడు సార్. ఆకలిగా ఉంటాడని తెచ్చినా...” అంటూ లోపలికి వచ్చినవాడు బల్ల దగ్గర ఆగిపోయాడు.

ముసలాయన గిన్నె కింద పెట్టి, దీపం చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో మసి తుడిచాడు. మూడు గొలుసులనూ ఒక్కొక్కటిగా తడిమి, రాగితీగ అతుకు దగ్గర వేలు ఆపాడు. అతికింది తానే.

“జిలానీ,” అన్నాడు చాలా మెల్లగా. “దించినప్పుడు ఆరిందా, మండిందా?”

జిలానీ గోడకు ఒరిగి అలాగే కిందికి జారిపోయాడు. “మండింది బావా.”

“మండితే దిగొచ్చని కదా నేను చెప్పింది,” అన్నాడు ఫకీర్ సాహెబ్. ఆ మాట ఎవరితోనూ అన్నది కాదు. పాతర్ల దగ్గర బతుకంతా చెప్పిన మాట, అలవాటుగా నోట్లోంచి వచ్చింది. దాని అర్థం ఆయనకు తర్వాత అందింది. అందుతుంటే ఓబులేసు ఆ మొహం వైపు చూడలేకపోయాడు.

“అబ్బాకు చెప్పొద్దన్నాడు,” అన్నాడు రామకృష్ణ ఏడుస్తూ. “ఊపిరి పోయేదాకా అదే మాట. మామను ఏమీ అనొద్దు, అబ్బాకు చెప్పొద్దు. నేను చెప్పలేదు నాయనా. నా నోటితో నేను చెప్పలేదు.”

ఫకీర్ సాహెబ్ వాడి తల మీద చెయ్యి వేశాడు. తర్వాత దీపాన్ని బల్ల మీద జాగ్రత్తగా, నూనె ఒలకకూడదన్నట్టు నిలబెట్టి, ఓబులేసు వైపు తిరిగాడు.

“నా బిడ్డను చంపినోన్ని చూపించమంటి కదప్పా. చూపించినావు. జొన్నలు వండుకోని తిను.”

ఆ మాట అని ముసలాయన కానిస్టేబులు ఎదుటికి వెళ్లి రెండు చేతులూ చాచాడు. కానిస్టేబులు ఒళ్లోని బేడీల వైపు, ఆ చేతుల వైపు, ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. సూర్యప్రకాశరావు అంతవరకు ఓబులేసును గారు అని పిలవలేదు.

“ఏం చేద్దామండీ ఓబులేసు గారూ?” అన్నాడు.

బయట రెండు గంటల బస్సు హారను కొట్టింది. రామకృష్ణ వచ్చి, ముసలాయన చాచిన రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకున్నాడు, ఎవరూ వద్దనలేదు.